అయిదు డిగ్రీల తేడా

వదిన మరదలి కారు మీటరు జోలికి పోవడానికి కారణం ఒక పాత రబ్బరు గొట్టం. కిందటి వేసవిలో, కనుమ దారి పదకొండో మలుపు దగ్గర, ఆ గొట్టం సన్నగా చిట్లింది. ఇంజిన్ చుట్టూ తిరిగి దాన్ని చల్లబరచవలసిన నీళ్లు చుక్కచుక్కగా రోడ్డు పాలయ్యాయి. కారు నడుపుతున్న మరదలు ఆ నీళ్ల వేడిని చూపే మీటరు వైపు మధ్యమధ్య చూస్తూనే ఉంది. ముల్లు మాత్రం ఫొటోకు కూర్చున్న మనిషిలా నడిమధ్యన బిగుసుకుని ఉంది. తీరా అది కదిలి ఎర్రగీత మీద పడేసరికి బానెట్ సందుల్లోంచి ఆవిరి తన్నుకొచ్చింది. అక్కడికక్కడే ఆపబట్టి ఇంజిన్ దక్కింది. ఇంకొక్క మలుపు నడిపి ఉంటే దక్కేది కాదని మెకానిక్ చెప్పాడు.

మరదలంటే వదిన భర్తకు చెల్లెలు. వదిన ముప్పై నాలుగేళ్లు సముద్రపు ఒడ్డున ఒక కళాశాలలో ఫిజిక్స్ ప్రయోగశాల నడిపింది. భర్త పోయి, ఉద్యోగ విరమణ కూడా అయ్యాక, నాలుగేళ్ల కిందట ఈ కొండమీది పట్టణంలో ఒంటరిగా ఉంటున్న మరదలి దగ్గరికి వచ్చి చేరింది. మరదలి ఉద్యోగం బడిపిల్లల వినికిడిని పరీక్షించడం. కనుమకు అవతల పద్నాలుగు బడులు ఆమె పరిధిలోవి. పరీక్ష యంత్రం ఉన్న పెట్టెను వెనక సీటులో పెట్టుకుని పంతొమ్మిదేళ్లుగా ఆ దారిన ఆమె ఒక్కతే తిరుగుతోంది. మొద్దులని తిట్లు తింటున్న పిల్లల్లో నిజానికి చెవి సరిగా వినపడనివారెవరో ఆమె వెళ్లి చెబితేగాని అక్కడి పంతుళ్లకు తెలియదు. బస్సు కనుమ దాటదు. కాబట్టి కారు లేనిదే ఆ ఉద్యోగం లేదు.

మెకానిక్ షెడ్డు వాళ్ల వీధి దిగువన, మెట్లు ముగిసేచోట ఉంది. ఊరంతా అతన్ని ‘చూద్దాం’ అనే పిలుస్తారు, ఏ పని చెప్పినా అతని నోట మొదట వచ్చే మాట అదే గనుక. గొట్టం మార్చిన రోజున వదిన అతన్ని నిలదీసింది.

“ఇంజిన్ కుతకుత ఉడుకుతుంటే ముల్లు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుందట. ఆ మీటరు చెడిపోయిందా, నాయనా?”

“చెడిపోలేదు మేడమ్. చేసేటప్పుడే అలా చేస్తారు,” అన్నాడతను చేతులు తుడుచుకుంటూ. “డెబ్బై అయిదు డిగ్రీల నుంచి నూట అయిదు దాకా ముల్లు నడిమధ్యనే ఉంటుంది. ఉన్నదున్నట్టు చూపిస్తే బండి కొన్నవాళ్లు ఊరుకుంటారా? ఎక్కింది, దిగిందని రోజూ వచ్చి షోరూమ్ గుమ్మంలో కూర్చుంటారు. అందుకని మీటరు వెనకాల చిన్న ముక్కొకటి అతికించి దాని నోరు నొక్కేస్తారు.”

“ఆ ముక్క తీసేస్తే?”

“నోరు తెరుస్తుంది. అయితే అంకెలుండవు. ఎక్కడికొస్తే ఎంతో మీరే గీసుకోవాలి.” అని అలవాటు కొద్దీ, “చూద్దాం,” అన్నాడు.

“చూసేదేముంది, విప్పి ఇవ్వు,” అంది వదిన.

అంకెలు గీసే పనంటే ఆమెకు ప్రాణం లేచివచ్చింది. వంటింటి బల్ల మీద పాత తువ్వాలు పరిచి, మీటరును బోర్లించి, జీడిపప్పు బద్దంత ఉన్న ఆ ముక్కను వేడి సోల్డరింగ్ కడ్డీతో ఊడదీసి, దాని స్థానంలో సన్నని తీగ అతికించింది. ఇంజిన్ లోంచి తెచ్చిన, వేడి కనిపెట్టే సెన్సర్‌ను తీగలతో మీటరుకూ ఒక బ్యాటరీకీ కలిపి, గిన్నెడు నీళ్లలో వేలాడదీసింది. దాని పక్కనే తన థర్మామీటరు నిలబెట్టింది. కళాశాల వదిలినప్పుడు తోటివాళ్లు కానుకగా ఇచ్చిన పాదరసపు థర్మామీటరది. గాజుగొట్టం లోపల అంకెల పలక అమర్చిన రకం. ఇల్లు మారేటప్పుడు అట్టపెట్టెతో సహా ఒకసారి కిందపడింది.

నీళ్లు తెర్లాయి. ముల్లు కదిలి ఒకచోట నిలిచింది. థర్మామీటరులో పాదరసం తొంభై అయిదు దగ్గర ఆగి, ఎంత మంట పెంచినా ఇక పైకి పోలేదు.

వదిన నవ్వుకుంది. కిందపడ్డ అదురుకు లోపలి పలక అయిదు గీతల మేర పైకి జారిందన్నమాట. మరిగే నీళ్లు వంద డిగ్రీలని ముప్పై నాలుగేళ్లు నల్లబల్ల మీద రాసిన చెయ్యి అది. దానికి సందేహమెందుకు కలుగుతుంది? థర్మామీటరును మరిగే నీళ్లలోనూ కరిగే ఐసులోనూ, రెండుచోట్లా సరిచూస్తేగాని నమ్మవద్దని పిల్లలకు నేర్పిందీ ఆమే. ఐసు కోసం లేవబోయింది కూడా. కాని నీళ్లు కళ్లెదుట మరుగుతున్నాయి. రుజువు అంత బలంగా బుసలు కొడుతుంటే రెండో సాక్షి ఎందుకనిపించి మళ్లీ కూర్చుంది. థర్మామీటరు చూపే ప్రతి అంకెకూ అయిదు కలిపి, మరదలి తెల్ల గోళ్లరంగులో గుండుసూది ముంచి, ముల్లు పక్కన ఎనభై నుంచి వంద వరకు అయిదేసి డిగ్రీలకొక గీత పెట్టింది. అదే ఎడంతో పైన నూట అయిదుకు ఎర్రగీత గీసింది.

“వదినా, నా గోళ్లరంగంతా బండికే పూశావు. ఇక పెళ్లిచూపుల్లో నా బదులు దాన్నే కూర్చోబెట్టాలి,” అంది మరదలు. ఆమెకు యాభై నాలుగేళ్లు.

“నీకంటే ముందు దానికే సంబంధం కుదురుతుంది లే,” అంది వదిన.

ఆ నవ్వు వారం రోజులు కూడా నిలవలేదు.

మెకానిక్ చెప్పిన లెక్క చాలా తేలికైనది. లోపలి నీళ్లు ఎనభై ఎనిమిది డిగ్రీలకు రాగానే థర్మోస్టాట్ అనే చిన్న తలుపు తెరుచుకుని వాటిని రేడియేటరుకు వదులుతుంది. చదును దారిలో ముల్లు ఆ ప్రాంతాల్లోనే ఉండాలి. తొంభై అయిదు దగ్గర ఫ్యాను తిరగాలి, తొంభై దగ్గర ఆగాలి. వంద దాటితే గమనించాలి. నూట అయిదు తాకితే ఆపెయ్యాలి. మరదలు ఆ గీతలతో తొలిసారి కనుమ ఎక్కినప్పుడు ముల్లు వంద దాటింది, ఎర్రగీతను తాకింది. ఆమె ఆపేసింది. చల్లారాక కారు మళ్లీ కదిలింది, ముల్లు మళ్లీ తాకింది. ఆ కనుమలో అయిదుసార్లు ఆగి, పదిన్నరకు బడి చేరేసరికి పిల్లలు వరస విడిచి ఆటల్లో పడ్డారు.

ఎక్కడ ఎంత చూపిందో ఒక నోటు పుస్తకంలో రాసుకురమ్మంది వదిన. మరదలు రాసింది. మెకానిక్ ఆ పుస్తకం చూసి, థర్మోస్టాట్ ఆలస్యంగా తెరుచుకుంటోందని కొత్తది వేశాడు, ముల్లు మారలేదు. ఫ్యాను వంద దాకా తిరగడం లేదని దాని స్విచ్ మార్చాడు. కొత్త స్విచ్ కూడా వందకే మేల్కొంది. “ఈ కాలం సరుకే అంత,” అని విసుక్కుని రేడియేటరును తోమి కడిగాడు. అయినా ఫలితం లేదు. చివరికి నెల తిరిగేసరికి, తల అడ్డంగా ఊపుతూ మాట బయటపెట్టాడు.

“లోపల దారులు పూడుకుపోయి ఉండాలి, లేదా ఇంజిన్ తల కింద పరిచే అట్ట, హెడ్ గ్యాస్కెట్, కాలి ఉండాలి. హెడ్ విప్పాల్సిందే మేడమ్. విప్పాక సామాను కింది పట్టణం నుంచి రావాలి. మూడు వారాలో, నెలో… చూద్దాం.”

పాత ఇంజిన్ హెడ్ ఒకసారి విప్పితే మళ్లీ మునుపటిలా కుదురుకుంటుందన్న నమ్మకం అతని గొంతులో లేదు. మరదలికి అంత గడువూ లేదు. కొత్త విడత పరీక్షలు సోమవారం మొదలు. వెళ్లగలదో లేదో శుక్రవారం మూడు గంటలలోపు చెప్పమని విద్యాశాఖ కార్యాలయం అడిగింది. లేదంటే ఆ పద్నాలుగు బడులను కింది పట్టణంలోని మరొక ఉద్యోగినికి రాసేస్తారు. ఒకసారి రాసేస్తే అవి మళ్లీ మరదలి పరిధిలోకి రావు.

వదినకు మొదట లోలోపల కాస్త గర్వం కూడా కలిగిన మాట దాచనక్కరలేదు. తన మీటరు వల్లనే కదా దాగిన జబ్బు బయటపడింది! ఆ గర్వం మరదలి ముఖం చూశాక కరిగిపోయింది.

“నువ్వు జబ్బయితే కనిపెట్టావు వదినా,” అంది మరదలు గురువారం సాయంత్రం, కంచం ముందు కూర్చుని, “తెలియకపోతే ఇంకో రెండేళ్లు హాయిగా తిరిగేదాన్నేమో.”

శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి మరదలు కారును షెడ్డులో వదిలి, యంత్రం పెట్టెను మోసుకుంటూ మెట్లెక్కి ఇంటికి వచ్చింది. పెట్టెను తలుపు మూల పెట్టి, దాని మీద తువ్వాలు కప్పింది. పోయిన మనిషి ముఖం మీద కప్పినట్టు ఆమె దాన్ని కప్పిన తీరు వదిన చూడలేకపోయింది. చేతికి ఏదో ఒక పని కావాలి గనుక నోటు పుస్తకం లాక్కుని బల్ల దగ్గర కూర్చుంది.

పేజీ మధ్యన నిలువుగా గీత గీసి, ఎడమన ఉండవలసిన అంకెలు, కుడిన ముల్లు చూపిన అంకెలు ఎక్కించసాగింది. చదును దారి: ఎనభై ఎనిమిది ఉండాలి, తొంభై మూడు ఉంది. ఫ్యాను మొదలు: తొంభై అయిదు ఉండాలి, వంద ఉంది. ఫ్యాను ఆగడం: తొంభై ఉండాలి, తొంభై అయిదు ఉంది. థర్మోస్టాట్ మార్చకముందు తేడా అయిదు, మార్చాక అయిదు. చలిగా ఉన్న ఉదయం అయిదు, ఎండలో అయిదు.

పెన్ను ఆగింది. ఇంజిన్‌కు జబ్బు చేస్తే ఎత్తెక్కేటప్పుడు ముదరాలి, నీడపట్టున నిలిపితే తగ్గాలి, వైద్యం చేస్తే ఎంతో కొంత మారాలి. ఎండకూ వానకూ, మందుకూ మాకుకూ చలించక ఎప్పుడూ అయిదే ఉండే జబ్బు శరీరానికి రాదు. అటువంటి తప్పు కొలబద్దకు వస్తుంది.

“అమ్మాయ్, ఫ్రిజ్‌లో ఐసు ఉందా?”

“తలనొప్పిగా ఉందా వదినా?”

“ఉందో లేదో చెప్పు.”

తువ్వాల్లో ఐసు మూటగట్టి, అప్పడాల కర్రతో దంచి, గాజు గ్లాసులో నింపి, కొద్దిగా నీళ్లు పోసి, థర్మామీటరు దించింది. నిజంగా పలక జారి ఉంటే పాదరసం సున్నాకు అయిదు గీతల కింద ఆగాలి. పాదరసం దిగింది, దిగింది, సరిగ్గా సున్నా గీత మీద వెంట్రుకవాసి తేడా లేకుండా నిలిచింది. ఆమె ఐదు నిమిషాలు కన్నార్పకుండా చూసింది. అది కదలలేదు.

“సున్నా,” అంది మరదలు భుజం మీదుగా వంగి. “బాగానే ఉందిగా.”

“బాగానే ఉంది. అదే నా కొంప ముంచింది.” వదిన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. “దీనికి ఏ లోపమూ లేదే. ఆనాడు తొంభై అయిదని నిజమే చెప్పింది. నేను నమ్మలేదు.”

“మరిగే నీళ్లు వందేగా? నేనూ చదువుకున్నాను.”

“సముద్రపు ఒడ్డున వంద. ఎత్తుకు వచ్చేకొద్దీ గాలి బరువు తగ్గుతుంది. ఆ బరువు తగ్గితే నీళ్లు తొందరగా మరుగుతాయి. మనమున్న ఎత్తున తొంభై అయిదుకే తెర్లుతాయి. పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నట్టు నేను వందనే పట్టుకుని, లేని అయిదు డిగ్రీలు నీ ఇంజిన్ నెత్తిన పెట్టాను.”

మరదలు నెమ్మదిగా, “అయితే నాలుగేళ్ల నుంచీ గుడ్డు సరిగా ఉడకలేదని ఇక్కడి కోళ్లను తిడుతున్నావే…” అంది.

“కోళ్ల తప్పు లేదు.”

“ఆడలేక మద్దెల ఓడని విన్నాను గాని, వదినా, మంచి మద్దెల పగలగొట్టడం ఇదే చూడ్డం.” అంటూనే ఆమె నవ్వు సగంలో తెగింది. “అవునూ, నీళ్లు తొంభై అయిదుకే మరిగితే ఇంజిన్‌లోవీ మరిగిపోవాలిగా? నన్ను ఊరుకోబెట్టడానికి చెప్పడం లేదు కదా?”

“రేడియేటరు మూత ప్రెషర్ కుక్కర్ మూతలాంటిది. లోపలి ఒత్తిడి వాటిని మరగనివ్వదు. కార్యాలయానికి ఫోన్ చెయ్యకు. ముందు ఆ మహానుభావుడికి చెయ్యి, బోల్టులు ముట్టుకోవద్దని.”

ఫోను మోగి మోగి ఆగింది. చేతికి జిడ్డున్నంతసేపు అతను ఫోను ఎత్తడని ఊరందరికీ తెలుసు. హెడ్ బోల్టు ఒక్కటి వదులైనా గ్యాస్కెట్ పనికిరాదు. తప్పు మీటరుదే అయినా మూడు వారాల వాయిదా తప్పదు. మరదలు చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా మెట్ల మీద పరుగెత్తింది. వదిన థర్మామీటరును ఐసు కట్టిన తువ్వాల్లోనే చుట్టి గుండెకు హత్తుకుని, ఒక్కొక్క మెట్టూ చూసుకుంటూ దిగింది. అరవై ఎనిమిదేళ్ల మోకాళ్లు తొందరను ఒప్పుకోవు. దిగుతున్నంతసేపూ ఆమెకు ఒక్కటే ఆలోచన: లేచి నాలుగడుగులు వేసి ఫ్రిజ్ తలుపు తీయడానికి బద్ధకించినందుకు, ఒక మనిషి పంతొమ్మిదేళ్ల పని చేజారబోతోంది.

ఆమె చేరేసరికి కారు బానెట్ ఎత్తి ఉంది. పై గొట్టాలు ఊడదీసి పక్కన పరిచాడు. నీళ్లు బేసిన్‌లోకి దిగిపోయాయి. మెకానిక్ చూద్దాం మాత్రం బోర్లించిన డబ్బా మీద, ఒళ్లో పొడుగాటి రెంచీతో, టీ తాగుతున్నాడు. ఎదురుగా మరదలు నడుము మీద చేతులు పెట్టుకుని రొప్పుతోంది.

“ముట్టుకోలేదట వదినా!”

“ఎలా ముట్టుకుంటాను?” అన్నాడతను నొచ్చుకుంటూ. “ఇప్పుడేగా నడుపుకొచ్చారు. వేడి మీద బోల్టు వదిలిస్తే హెడ్ వంకరపోతుంది. ఇంకో గంట చల్లారనీ, చూద్దాం అనుకున్నాను.”

ఆ మాటను వెక్కిరించని రోజు లేదు ఊళ్లో. వదిన అతని పక్కనున్న టైరు మీద కూలబడి, ఊపిరి కుదుర్చుకుని, జరిగినదంతా మొదటినుంచీ చెప్పింది. ఐసు కోసం లేవబోయి కూర్చున్న సంగతి కూడా విడిచిపెట్టలేదు. అతను విన్నాడు గాని ముఖం వికసించలేదు.

“మేడమ్, బండి బాగుండాలని మీకూ ఉంటుంది, నాకూ ఉంటుంది. కాని మీ గీతలే తప్పంటే ఎలా? చదువుకున్నవారు గీసిన గీతలని నమ్మి నేను సామానంతా మార్చాను.”

“నన్ను నమ్మవద్దు. నువ్వు దేన్ని నమ్ముతావో అది తీసుకురా.”

అతను ఆలోచించి, రేకు డబ్బాలోంచి నెల కిందట ఊడదీసిన పాత థర్మోస్టాట్ తీశాడు. ఇత్తడి అంచు మీద ఎనభై ఎనిమిది అని అచ్చు గుద్ది ఉంది. “ఇది మంచిదైతే ఎనభై ఎనిమిదికి నోరు తెరవాలి. నా లెక్క ప్రకారం ఇది మొండిది.” టీ కాచే పొయ్యి మీద గిన్నెలో నీళ్లు పోసి, థర్మోస్టాట్‌నూ, సెన్సర్‌నూ, థర్మామీటరునూ ఒకేచోట వేలాడదీశారు. కారు లోంచి విప్పిన మీటరుకు సెన్సర్ తీగలు, బ్యాటరీ తీగలు కలిపి, దాన్ని మరదలి చేతికిచ్చారు.

“ఎనభై రెండు,” అంది వదిన పాదరసం చూస్తూ. “ఎనభై అయిదు… ఎనభై ఏడు…”

ముగ్గురూ గిన్నె మీదికి వంగారు. ఇత్తడి పెదవి సన్నగా విడింది. నీళ్లలో చిన్న సుడి లేచింది.

“తెరుచుకుంది!” అన్నాడు చూద్దాం. “ఎంత?”

“ఎనభై ఎనిమిది.”

“ముల్లు?”

“వదిన గీసిన తొంభై అయిదుకు కాస్త కింద,” అంది మరదలు. “తొంభై మూడు. దారి పొడుగునా ఇదే అంకె రాసి రాసి నా చెయ్యి అరిగింది.”

చూద్దాం నడుము పట్టుకుని నిలబడ్డాడు. “మంచి సామాను తీసి డబ్బాలో పడేశానన్నమాట! ఫ్యాను స్విచ్చూ మంచిదే, రేడియేటరూ మంచిదే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికాం.” తర్వాత కొంటెగా వదిన వైపు తిరిగాడు. “మేడమ్, మీ కాలేజీలో నేను ఇలా చేసుంటే పాస్ చేసేవారా?”

“నిన్ను పాస్ చేసేదాన్ని, చల్లారేదాకా ఆగావు గనుక. నన్నే ఫెయిల్ చేసేదాన్ని.”

“ఆ సప్లిమెంటరీ ఏదో ఇప్పుడే రాసెయ్,” అంది మరదలు, “గోళ్లరంగు ఇంట్లో ఇంకో సీసా ఉంది.”

ఆ మాటతో వదినకు ఎన్నాళ్లకో గుండెల మీది బరువు దిగింది. నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలియక తువ్వాలుతో ముఖం తుడుచుకుంది. అందులో ఇంకా ఐసు చల్లదనం ఉంది. మరదలు షెడ్డు గుమ్మంలోకి వెళ్లి ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. గడువుకు ఇంకా నాలుగు గంటలున్నాయి. “అవునండీ, సోమవారమే. పద్నాలుగూ నావే,” అంటున్న మాటలు, అవసరానికి మించి గట్టిగా, లోపలికి వినిపించాయి.

ఆ మధ్యాహ్నం మెకానిక్ గొట్టాలు తిరిగి బిగించి నీళ్లు నింపుతుండగా వదిన పాత గీతలు తుడిచి, ప్రతి అంకెనూ దాని నిజమైన చోటికి జరిపింది. ఎర్రగీత కాస్త పైకి పోయింది. ఈసారి గీసిన ప్రతి గీతనూ చూద్దాం దగ్గరుండి సరిచూశాడు; ఆమే చూడమంది.

సోమవారం వదిన కూడా బయలుదేరింది, ముందు సీటులో, ఒళ్లో నోటు పుస్తకంతో. కనుమ ఎక్కుతుంటే ముల్లు తొంభై దాటింది. తొంభై అయిదు దగ్గర ఫ్యాను గుర్రుమంది. నిటారు మలుపుల్లో ముల్లు వంద దాకా పోయి, అక్కడ కాసేపు తారట్లాడి, దారి వాలగానే దిగివచ్చింది. మొదటి అరగంట ఇద్దరి కళ్లూ దాని మీదే ఉన్నాయి. తర్వాత మరదలి చూపు రోడ్డు మీదికి మళ్లింది. మూడో తరగతిలో ఎప్పుడూ కిటికీ పక్కనే కూర్చునే పిల్ల సంగతి చెప్పడం మొదలుపెట్టింది. ఆ పిల్ల టీచరు పెదవులను చూసి పాఠం వింటోందని తన అనుమానమట. కిందటిసారి ఆలస్యమై పరీక్షించలేకపోయిందట. చెబుతూ చెబుతూ కనుమ దాటేసిన సంగతి ఆమె గమనించనే లేదు. ఒక్కచోట కూడా ఆగలేదు.

నోటు పుస్తకంలో మూడు అంకెలు రాసి వదిన కూడా మానేసింది.

బడి ముందు కారు ఆపేసరికి ఎనిమిదీ ఇరవై. ఆవరణ ఖాళీగా ఉంది. గేటుకు తాళం వేసే ఉంది.

“ఇంత పెందలాడే వచ్చి ఏం చేద్దామే?” అంది వదిన.

“ఏమీ చెయ్యొద్దు,” అంది మరదలు. సీటు వెనక్కు వాల్చి, కాళ్లు చాపి, కళ్లు మూసుకుంది. “తాళం తీసే మనిషి వచ్చాక లేపు.”